‘మీ దగ్గరంటే ఏదిరా?’

జర్మనీలోని మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 37, ఎంసీఏ చదివారు. భర్తకు 42, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వెళ్లి ఎనిమిదేళ్లయింది. పాప అక్కడే పుట్టింది, ఇప్పుడు రెండో తరగతి. ఇద్దరిదీ కోనసీమే. మామగారు పోయారు. అత్తగారు ఊళ్లో రెండెకరాల కొబ్బరి తోట చూసుకుంటూ ఒక్కరే ఉంటున్నారు.

ఈవిడ బాధంతా ఒక్క మాట గురించి. ‘అక్కడైతే’. రైలు పావుగంట ఆలస్యమైతే ‘అక్కడైతే ఆటో ఎక్కేసేవాణ్ణి’ అంటారట భర్త. జ్వరమొచ్చి వెళ్తే డాక్టరు మందు రాయకుండా టీ తాగి పడుకోమని, మూడు రోజులకు సిక్ లీవు చీటీ ఇచ్చి పంపాడు. ‘అక్కడైతే ఒక్క ఇంజెక్షన్‌తో పోయేది.’ ఆదివారం కొత్తిమీర అయిపోతే కొనడానికి కొట్టు తెరిచి ఉండదు. ‘అక్కడైతే పది నిమిషాల్లో గుమ్మంలో పెట్టి వెళ్లేవాడు.’

కిందటి నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఆయన ఇడ్లీ పిండి రుబ్బారు. ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకెళ్లిన గ్రైండరది. మధ్యాహ్నానికి లిఫ్టు పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఆదివారం విశ్రాంతి రోజు, దయచేసి చప్పుడు చేసే యంత్రాలు వాడకండి అని. కింద పేరు లేదు, ఫ్లాట్ నంబరు లేదు. ఆయన దాన్ని పీకి, నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నారు. ఇంట్లో వాదన వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి టేబుల్ మీద పెడతారట.

ఇదే మనిషి ఊరికొస్తే మాట మారిపోతుంది. ‘మా దగ్గరైతే హారన్ కొట్టరు, మా దగ్గరైతే కుళాయి తిప్పి నీళ్లు తాగేస్తాం’ అంటూ మొదలుపెడతారు. పోయిన ఆగస్టులో వాళ్లమ్మగారికి ఓపిక నశించి, ‘ఒరే, మీ దగ్గరంటే ఏదిరా?’ అని అడిగేశారు. ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ మధ్య అత్తగారు పెరట్లో జారి పడ్డారు. పెద్ద దెబ్బేం కాదు. పక్కింటాయన బండి మీద అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పట్నుంచి భర్త, పాప నాలుగో తరగతికి వచ్చేలోపు తిరిగి వెళ్లిపోదామని పట్టుబడుతున్నారు. ఈవిడకు వెళ్లాలని లేదు. జర్మన్ నేర్చుకున్నారు, ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ పార్ట్‌టైమ్‌గా చూస్తున్నారు, సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తారు, రాత్రి పదింటికి ఒంటరిగా ఇంటికొచ్చినా అడిగేవాళ్లు లేరు. ‘ఏ దేశంలో బతుకు మంచిదో మీరే తేల్చి చెప్పండి, ఆయనకు చూపిస్తాను’ అన్నారు. ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వస్తోంది. ‘అక్కడికి వెళ్తే నేను మళ్లీ కోడల్నే.’

* * *

అమ్మా,

ఏ దేశం మంచిదో తేల్చడం నా వల్ల కాదు. తేల్చినా మీ ఇంట్లో గొడవ ఆగదు. నేను ఇండియా అంటే మీరు ఈ కాగితం చించేస్తారు, జర్మనీ అంటే ఆయన పర్సులోంచి ఆ కాగితం తీస్తారు. పైగా ఒక సంగతి చెబితే కోపం తెచ్చుకోకండి. మీ ఐదు పేజీల్లో పేజీన్నర ఫుట్‌పాత్‌లకూ సైకిల్ దారులకే సరిపోయింది. ‘ఇక్కడైతే’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ఆయనకున్న జబ్బే మీకూ ఉంది, కాకపోతే మీది ఎదురు దిక్కులో.

ఈ జబ్బు నాకు కొత్త కాదు. ఆరేళ్లు మస్కట్‌లో ఉండి గుంటూరు తిరిగొచ్చాక, కరెంటు పోయినప్పుడల్లా ‘మస్కట్‌లో అయితే’ అని మొదలుపెట్టేదాన్ని. ఏడాదిపాటు విన్నాక ఒకరోజు మా తోటికోడలు కొవ్వొత్తి నా చేతిలో పెట్టి, ‘ముందు వెలిగించు అక్కా, తర్వాత మాట్లాడు’ అంది. అంతే, మళ్లీ అన్లేదు.

మీ అత్తగారు అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. ఇంత ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. మీవారు ‘అక్కడ’ అన్నప్పుడు ఏ ఊరి గురించి మాట్లాడుతున్నారు? పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చిచ్చేది హైదరాబాద్‌లో. అమ్మ పడిపోతే అడక్కుండానే పక్కింటాయన బండి తీసేది ఊళ్లో. ఇక మూడోది సంక్రాంతి. మీరే రాశారు, ఆయన ఇప్పటికీ ఒక సంక్రాంతి గురించే చెబుతుంటారని. ముగ్గులు, గుమ్మాల్లో చుట్టాల చెప్పులు, కాలవ గట్టు మీద పొద్దున్నే పొగమంచు. అది పాప బడిలో చేరకముందు సంగతి కదా? మ్యూనిక్ ఉండే బవేరియా రాష్ట్రంలో క్రిస్మస్ సెలవులు జనవరి 6తో సరి. ఆ తర్వాత పిల్లను బడి మాన్పించి ప్రయాణం పెట్టుకుంటామంటే ఆ దేశంలో ఒప్పుకోరు. అంటే అప్పట్నుంచి ఆయన సంక్రాంతి చూడలేదు, తలచుకుంటూనే ఉన్నారు. తలచుకున్న కొద్దీ పండగ పెరుగుతుంది గానీ తగ్గదు.

కోనసీమను జనవరిలో చూసి, మ్యూనిక్‌ను నవంబరులో చూసి తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఒక పక్క నాలుగు వారాల సెలవు, చేతికందే కాఫీ, కొడుకు వచ్చాడని కొబ్బరి బొండాలు దింపించే అమ్మ. ఇంకో పక్క సాయంత్రం నాలుగున్నరకే చీకటి, తడిసిన కోటు, ఆఫీసులో మంగళవారం. సెలవుకొచ్చిన మనిషికి ఏ ఊరైనా అత్తారిల్లే. మీరు చేసేదీ అలాంటిదే. ఆగస్టు ఉక్కలో, చుట్టాల మధ్య, ఉండటానికి మీదంటూ ఒక గది లేని నాలుగు వారాలను తీసుకెళ్లి, సొంత తాళం చెవి ఉన్న ఏడాది పక్కన పెడుతున్నారు.

ఇంకోటి కూడా ఆయన కూర్చుని ఆలోచించాలి. ఉద్యోగం దొరికేది హైదరాబాద్‌లో. అమ్మ ఉండేది కోనసీమలో. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం చేసి రాజమండ్రిలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో ఊరు చేరాలి. మ్యూనిక్ నుంచైతే ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి, అక్కడ హైదరాబాద్‌కు నేరుగా ఉండే విమానం పట్టుకుని, దిగాక మళ్లీ ఇదే రైలు. తేడా లేదనను, పెద్ద తేడానే. నెలకోసారి వెళ్లి కూర్చోవడం వేరు, ఏడాదికోసారి వేరు. కానీ అమ్మ కాలు జారిన నిమిషంలో మీరు ఏ ఊళ్లో ఉన్నా ముందు చేరేది ఆ పక్కింటాయనే. హైదరాబాద్ వెళ్లాక ఈ సంగతి తెలిస్తే మీవారి మనసు ఇంకా విరిగిపోతుంది. అప్పుడు ‘మ్యూనిక్‌లో అయితే’ అని మొదలవుతుంది. రాసి పెట్టుకోండి.

ఇంతకీ మీ అత్తగారిని ఎవరైనా అడిగారా? రెండేళ్ల కిందట ఎండాకాలంలో మీ దగ్గరికి వచ్చినప్పుడు, సూపర్ మార్కెట్‌లో ఖాళీ సీసాలు వేసే మిషను ఆవిడకు తెగ నచ్చేసిందని రాశారు. 15 ప్లాస్టిక్ సీసాలు ఒక్కొక్కటే లోపలికి తోసి, 3.75 యూరోల చీటీ చేతికొస్తే దాన్ని రూపాయల్లోకి మార్చి, మనవరాలికి ఐస్‌క్రీమ్ కొనిపెట్టారట. ఆ చీటీ పట్టుకున్న చేయి నాకు కనిపిస్తూనే ఉంది. అదే మనిషి వెళ్లేముందు, ‘అన్నీ బాగున్నాయి గానీ ఇక్కడ మాట్లాడే మనిషి లేరే’ అన్నారు. గచ్చిబౌలిలో పదిహేనో అంతస్తులో, మీరిద్దరూ ఆఫీసుకెళ్లాక, ఆవిడకు మాట్లాడే మనిషి ఎవరు? తోట వదిలి వస్తానని ఆవిడ అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ కోసం అంటూ చేసే పని ఆవిణ్ణి అడగకుండా చేయకండి.

మీవారి విషయం. మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పాప బడిలో పేరెంట్స్ మీటింగ్ అయ్యాక, ఇంటికొస్తూ దారిలో ఆయన ‘ఏమన్నారు?’ అని మిమ్మల్ని అడుగుతారని. ఆఫీసులో పనంతా ఇంగ్లీషులో గనక ఆయన జర్మన్ మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోయింది. మీరేమో పాప వెంట పార్కులకూ డాక్టర్ల దగ్గరికీ తిరిగి, భాష పట్టుకుని, అందులోనే ఉద్యోగం చేస్తున్నారు. ఇక్కడ ఉన్నప్పుడు ఆయన ఎలాంటివారు? మీరే రాశారు, ఎమ్మార్వో ఆఫీసులో ఏ పనైనా పదిమందితో మాట్లాడి చేయించుకొచ్చే మనిషి అని. అలాంటి మనిషి ఇప్పుడు చిన్న చిన్న కుర్చీల్లో కూర్చుని, టీచరు ఏమంటోందో అర్థంకాక తల ఊపుతున్నారు. గోడ మీద కాగితం అంటించినవాళ్ల తలుపు కొట్టి, ‘సారీ అండీ, తెలీక చేశాను, రెండు ఇడ్లీలు తినండి’ అనడానికి కూడా ఆయన దగ్గర మాటల్లేవు. నోరున్నవాడైతే అనేసి మర్చిపోతాడు. అనలేకపోయారు గనక పర్సులో పెట్టుకున్నారు. ఆ ‘అక్కడైతే’ల్లో సగం కొత్తిమీర గురించి కాదని నా అనుమానం.

మిగతా సగం అమ్మ గురించి. అమ్మ పడిపోయింది, నేను లేను అని మగవాళ్లు చాలామంది నోరు తెరిచి అనలేరు. రైళ్ల మీద, డాక్టర్ల మీద పెట్టి అంటారు. మీరేమో రైళ్ల గురించి జవాబు చెబుతారు.

ఇప్పుడు మీరు కొట్టేసిన వాక్యం. దాని గురించి రాయొద్దనే కొట్టేశారేమో, క్షమించండి. ఫుట్‌పాత్ గురించి రాసిన పేజీన్నర కన్నా ఈ ఒక్క వాక్యం బరువు. మీరు వదులుకోలేనిది సైకిల్ దారి కాదు, ఎక్కడికి వెళ్తున్నావని అడగని సాయంత్రం. ఎనిమిదేళ్లలో మీకంటూ ఒక బతుకు ఏర్పడింది. సొంత జీతం, సొంత స్నేహితులు, ఆ భాషలో మీకో పేరు. తిరిగి వెళ్తే అవన్నీ ఎయిర్‌పోర్టులోనే దిగిపోతాయని భయం. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. పండక్కి పాతికమందికి వండాల్సింది ఎవరు, అత్తగారి మందులు గుర్తుపెట్టుకోవాల్సింది ఎవరు, పాప తెలుగు మార్కులకు మాట పడాల్సింది ఎవరు అంటే మన ఇళ్లలో అందరి వేళ్లూ ఒకవైపే చూపిస్తాయి. కానీ ఈ మాట మీరు ఆయనతో ఎప్పుడైనా అన్నారా? ఉత్తరం చూస్తే అన్నట్టు లేదు. మీరు ఫుట్‌పాత్ అంటారు, ఆయన కొత్తిమీర అంటారు. అమ్మ మాట, కోడలి మాట ఇద్దరి కడుపులోనూ ఉండిపోతున్నాయి.

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. దేనికుండే ఖర్చు దానికుంది.

ఉండిపోవడం ఒక దారి. అలా అయితే ఇప్పుడున్నట్టే ఉండిపోకూడదు. ఆయన జర్మన్ నేర్చుకోవాలి, వారానికి రెండు సాయంత్రాలు కోర్సుకి వెళ్లాలి, ఆ సాయంత్రాలు ఇంటి పని మీ మీద పడుతుంది. అత్తగారి దగ్గర పగలంతా ఉండే మనిషిని జీతమిచ్చి పెట్టాలి. అది ఫోన్లో అయ్యే పని కాదు, ఆయన వెళ్లి రెండు వారాలుండి కుదిర్చి రావాలి. ఆవిణ్ణి ఏటా ఎండాకాలంలో తెచ్చుకోవచ్చు. జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంజెన్ విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకునే వెసులుబాటు ఒకటి ఈమధ్య వచ్చిందని విని మీవారు ఆశపడ్డారని రాశారు. అది 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి ఉద్యోగ పర్మిట్ తీసుకున్న నిపుణులకే. మీరు అంతకు చాలా ముందే వెళ్లారు. ముందు వెళ్లినవాళ్లకు లేనిది వెనక వచ్చినవాళ్లకు దొరకడం కడుపుమంటే, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

వెళ్లిపోవడం రెండో దారి. దీనికి ఆయన పెట్టిన గడువు ఊరికే పెట్టింది కాదు, అందులో న్యాయముంది. బవేరియాలో నాలుగో తరగతి అవగానే పిల్లలు మూడు రకాల బళ్లకు విడిపోతారు. అక్కడ 1 అంటే మంచి మార్కు. జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం మూడింట్లో సగటు 2.33 కన్నా దిగజారకపోతేనే పైచదువుల బడికి నేరుగా పంపుతారు. మనం ఎంసెట్‌కు పడే టెన్షన్ అక్కడ పదేళ్ల పిల్లకే. ఇటు తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చదవాల్సిందే. మీ పాపకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఎనిమిదేళ్లకు అ ఆలు పట్టుకోవడం వేరు, పన్నెండేళ్లకు వేరు. కాబట్టి వెళ్లేదైతే ముందే వెళ్లడం పిల్లకు మేలు, ఈ ముక్క ఆయనకు ఒప్పేసుకోండి. బదులుగా మీ షరతులు టికెట్లు కొనకముందే చెప్పండి. ఫుల్‌టైమ్ ఉద్యోగం మీకు దొరికాకే ప్రయాణం. వంటకు మనిషి. పండగలకు ఊరు వెళ్లినప్పుడు వంటింట్లో ఆయన కూడా. ఇవి చిల్లర విషయాలని ఆయన అంటే, కొత్తిమీర కూడా చిల్లర విషయమేనని గుర్తుచేయండి. డబ్బు సంగతి వేరేగా కూర్చుని లెక్క వేసుకోండి. స్కూలు ఫీజు, అద్దె, కారు, ఇద్దరికీ అమ్మగారికీ ఇన్సూరెన్సు. జర్మనీలో ఐదేళ్లు దాటి పెన్షన్ కట్టారు గనక ఆ హక్కు పోదు, రిటైర్మెంటు వయసులో ఇండియాలో ఉన్నా అందుతుంది.

తలుపు మూసుకోకుండా వెళ్లడం మూడోది. మీకున్న పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, అలాగే ఉంటుందని అనుకోకండి. మామూలుగా ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే రద్దవుతుంది. కొన్ని కార్డులకు గడువు ఎక్కువ. బయల్దేరకముందే విదేశీయుల ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. పౌరసత్వం తీసుకుంటే ఆ గొడవ ఉండదు. 2024 జూన్ నుంచి ఐదేళ్ల నివాసం చాలు, పాత పౌరసత్వం వదులుకోమని జర్మనీ అడగట్లేదు. కానీ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇండియన్ పాస్‌పోర్టు అప్పగించి, వేరే దేశం పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఓటు పోతుంది. వ్యవసాయ భూమి కొనే వీలు పోతుంది. అమ్మగారి తోట వారసత్వంగా రావడానికి అడ్డేం లేదు, పక్కన ఇంకో అరెకరం కలుపుదామనుకుంటే మాత్రం కుదరదు. మీవారికి ఆ అరెకరం మీద ఎంత మమకారమో మీకు తెలియాలి. ఇంకోటి, జర్మన్ పౌరసత్వానికి భాషలో బి1 అనే మధ్యస్థాయి పరీక్ష పాసవ్వాలి. తిరిగి వెళ్లడం కోసం కూడా ఆయన భాష నేర్చుకోవాల్సి వస్తోంది, చూశారా. మీకు ఆ స్థాయి దాటింది గనక మీరొక్కరే తీసుకోవడమూ ఉంది. కానీ ఒకే ఇంట్లో రెండు రంగుల పాస్‌పోర్టులు ఆయన మనసుకు ఎలా ఉంటాయో ముందు అడిగి చూడండి.

ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నా, అంతకుముందు ఒక పని చేయమంటాను. వచ్చే ఆగస్టు సెలవుల్లో చుట్టాలింట్లో దిగకండి. హైదరాబాద్‌లో, ఆయన ఉద్యోగం వెతుక్కునే చుట్టుపక్కలే, ఆరు వారాలకు ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకోండి. ఆయన కుదిరినంత సెలవు పెట్టి, పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు దారిలో ఒక వారం వెళ్లి రావాలి. గ్యాసు, నీళ్ల ట్యాంకరు, పనిమనిషి రాని రోజు, అన్నీ మీ ఇద్దరే చూసుకోవాలి. ఒక శుక్రవారం రాత్రి రైలెక్కి అమ్మను చూసి ఆదివారం రాత్రి బయల్దేరి రావాలి. ఖర్చవుతుంది, నిజమే. తప్పు చోటికి సామాను చేరవేయడం కన్నా తక్కువే. ఒకటి మాత్రం చెబుతున్నా. ఈ ఆరు వారాలు మీ వాదన గెలిపించడానికి కాదు. హైదరాబాద్ మీకు నచ్చేయొచ్చు. మెట్రో దిగి ఇంటికి నడుస్తూ, తెలుగులో ఫోన్ మాట్లాడుతూ, ఇక్కడ నన్నడిగేవాళ్లు మాత్రం ఎవరున్నారు అని మీకే అనిపించొచ్చు. అలా అనిపిస్తే దాచకండి.

ఆయనతో మాట్లాడటం ఎలాగన్నది మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆ రుబ్బు శనివారం సాయంత్రానికి మార్చండి, అప్పుడు ఎవరూ కాగితాలు అంటించరు. గ్రైండరు తిరిగినంతసేపు ఎలాగూ ఒకరి మాట ఒకరికి వినిపించదు. ఆపి, పిండి గిన్నెలోకి తీసేటప్పుడు, మీరు కొట్టేసిన ఆ వాక్యం ఆయనతో అనండి. తర్వాత ఆయన్నీ ఒకటి అడగండి, అమ్మ పడిపోయిన రోజు రాత్రి నిద్రపట్టిందా అని. ఆయన మళ్లీ ఆ పర్సు కోసం చేయి పెడితే, పెట్టనివ్వండి. ఆ కాగితం మీద ఏం రాసి ఉందో ఒక్కో మాటా ఆయన చేత జర్మన్‌లో చదివించండి.